గాయము మానుట

క్రిందటి శ్రావణమున కూర తరుగుచుండగా కత్తిపీట మా బొటనవ్రేలిని లోతుగా కోసినది. శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టగా కొన్ని నిమిషములకు నెత్తురు గడ్డకట్టి నిలిచినది. మరునాడు ఎరుపును, వాపును చూచి భయపడితిమి. సూక్ష్మజీవులను చంపుటకు తెల్లకణములు వచ్చి చేరుటచే నట్లగుననియు, వాపు నానాటికి పెరిగినను, చీము పట్టినను, జ్వరము వచ్చినను మాత్రము ఆలసింపరాదనియు డాక్టరమ్మగారు చెప్పిరి.

నాలుగైదు దినములకు పక్కు గట్టినది. దురద కోర్వలేక గిల్లితిమి. క్రింద మొలచుచున్న లేత కండ చిట్లి మరల నెత్తురు కారినది. పని మొదటికి వచ్చినది! మూడు వారములకుగాని పైచర్మము కప్పుకొనలేదు. లోపలి నారల అల్లిక యేడాదివరకును సాగునట. అప్పటికిని మచ్చకు పూర్వపు చర్మబలములో నూటికి 80 పాళ్లకు మించి రాదట.

సోదరీమణులారా, దేహము తన పనిని క్రమము తప్పక చేసికొనును. శుభ్రతయు, ఓర్పును మాత్రమే మన వంతు.