రేవులోని సారసపక్షి

పోలెండు దేశానికి ఉత్తరాన, బాల్టిక్ సముద్రానికి దాపుల, గ్డాన్‌స్క్ అనే పాత రేవు పట్టణం ఉన్నది. ఊళ్ళో మొత్వావా అనే నది పారుతుంది. దాని ఒడ్డున నడిచిపోతూంటే, రెండు లావుపాటి ఇటుక బురుజుల నడుమ పెద్ద చెక్క కట్టడం ఒకటి నీటి మీదికి మెడ సాచి కనిపిస్తుంది. ఆ ఊరివాళ్ళు దాన్ని "జురావ్" అంటారు. వాళ్ళ భాషలో జురావ్ అంటే సారసపక్షి.

కాని ఇది బరువులెత్తే యంత్రం. 1442-44 సంవత్సరాలలో కట్టారు. ఓడలకు సరుకు ఎక్కించటానికీ, తెరచాప కొయ్యలు నిలబెట్టటానికీ దీన్ని వాడేవారు. ఇది 4 టన్నుల బరువును 11 మీటర్ల ఎత్తుకు లేపేది.

ఆవిరి యంత్రం కూడా లేని ఆ రోజుల్లో అంత బరువు ఎలా లేచింది? కట్టడం లోపల సుమారు 6 మీటర్ల ఎత్తుగల చెక్క చక్రాలుండేవి. కూలివాళ్ళు ఆ చక్రాలలోకి దిగి, మెట్లెక్కుతున్నట్టుగా నడిచేవాళ్ళు. ఎంత నడిచినా వాళ్ళు ఉన్నచోటనే ఉంటారు; చక్రం తిరుగుతుంది, ఇరుసుకు మోకు చుట్టుకుంటుంది, బరువు పైకి లేస్తుంది. అడుగు తప్పితే ప్రమాదమే. వేలాడే బరువు కిందికి లాగితే చక్రం గిర్రున వెనక్కు తిరిగి, లోపలివాళ్ళను ఎత్తి పడవేయగలదు. పక్షి మెడను చూసి యంత్రానికి పేరు పెట్టారు గాని, దాన్ని పనిచేయించిన కాళ్ళు మనుషులవి!

ఇంగ్లీషులోనూ ఇంతే. "క్రేన్" అంటే సారసపక్షి, బరువులెత్తే యంత్రమూ అదే. విశాఖపట్నం రేవులో మనం క్రేను అనేది ఆ మాటనే. యంత్రంతో పాటు పేరూ మనకు వచ్చింది. పక్షి మాత్రం రాలేదు.

ఇంకో తమాషా ఉన్నది. పోలెండు పల్లెల్లో బావినుంచి నీళ్ళు తోడే ఏతాన్ని కూడా జురావ్ అనే అంటారు. నిలువు స్తంభమూ, దాని మీద పొడుగాటి దూలమూ, దూలం కొసను వేలాడే చేదా చూస్తే, నీటికోసం మెడ వంచిన పక్షి గుర్తుకు రాక మానదు. మన ఏతమూ దాదాపు అదే ఆకారం. మన పల్లెల్లో ఒక మనిషి దూలం మీదికెక్కి, ముందుకూ వెనక్కూ నడుస్తూ నీళ్ళు పైకి తెచ్చేవాడు. అక్కడా నడకే!

1945లో, యుద్ధకాలంలో, గ్డాన్‌స్క్ జురావ్ మంటల్లో చిక్కుకున్నది. చెక్క భాగం కాలిపోయింది, ఇటుక గోడలు బాగా దెబ్బతిన్నాయి. యుద్ధం ముగిశాక దాన్ని పాత ఆకారంలోనే, అదే మెడతో, తిరిగి కట్టారు. 1962లో మ్యూజియానికి అప్పగించారు. ఇప్పుడది బరువులెత్తదు. చూడబోయినవాళ్ళు లోపలికి వెళ్ళి, ఆ చక్రాలు ఎంతెంతవో దగ్గరనుంచి చూడవచ్చును.