గోధుమలతో వచ్చిన కలుపు



వానలు పడ్డాయి. మందిరం దారి పొడవునా, బడి గోడ చుట్టూ, పొలం గట్ల మీద వయ్యారిభామ నడుమెత్తు లేచింది. కొందరు దీన్ని కాంగ్రెస్ గడ్డి అంటారు. చిన్న తెల్లపూలతో చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది.

ఇది మన నేల మొక్క కాదు, అమెరికా ఖండానిది. 1950లలో విదేశాల నుంచి తెప్పించుకున్న గోధుమల్లో కలిసి మన దేశమంతా పాకిందని చెబుతారు. ఆకలి తీర్చే గింజతోనే కలుపూ వచ్చింది.

గోధుమలు, గురుగుల ఉపమానం మనకు తెలుసు. "కోతదాకా రెండింటినీ ఎదగనివ్వమన్నారు కదా అయ్యగారూ, మరి దీన్నెందుకు పీకాలి?" అని మన యౌవనస్థుల్లో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ఆ మాట మనుషుల గురించి. సాటి మనిషిని కలుపని మనం తీర్పు తీర్చకూడదు. కానీ పొరుగువాడికి ఊపిరాడనివ్వని మొక్కను మన గట్టున పెంచడం ఓర్పు కాదు.

ఇందులోని పార్థెనిన్ అనే విషపదార్థం పడనివారికి ఒళ్లంతా దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడితో తుమ్ములు, ఆయాసం. కలుపు కూలికి వెళ్లే మన సహోదరి ఒకామె రెండేళ్లుగా మెడ మీద, మోచేతుల దగ్గర పుండ్లతో బాధపడుతోంది. పని మానితే పూట గడవదు. ఆమె కోసం ప్రార్థిస్తున్నాం, చేతులు కూడా కదపాలి.

పశువులు దీన్ని మేస్తే పాలు చేదెక్కుతాయి. 2000లో అనంతపురం జిల్లాలో 2 లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్లు వైరస్‌కు ఈ మొక్కే ఆశ్రయమిచ్చింది. దీని పుప్పొడితో, తామర పురుగులతో ఆ వైరస్ చేలకు చేరింది.

ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. అందుకే పూతకు ముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకాలి. పూత రానివాటిని గుంటలో వేస్తే ఎరువవుతుంది. ఆకుల మీద చారల పెంకు పురుగులు కనిపిస్తే చంపకండి. ఈ కలుపును తినడానికే వాటిని మెక్సికో నుంచి తెప్పించి 1984లో మన దేశంలో వదిలారు.

శనివారం పొద్దున్నే మందిరం దగ్గర కలుద్దాం. చేతులకు తొడుగులు, ముఖానికి గుడ్డ, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఆయాసం, దురద ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే ఉండండి. ఆ సహోదరి ఇంటి వెనుక నుంచే మొదలుపెడదాం.