శనివారపు పొయ్యి

తణుకున గోస్తనీ తీరమున మా కాపురము. నన్నయభట్టు యజ్ఞము చేసిన ఊరని పెద్దలు చెప్పుకొనెడి చోటు కావున, మా వీధిలో మడికిని నియమములకును కొదవ లేదు. అట్టి మాకును మా పెరటిగదిలో అద్దెకున్న బి.ఇడి. చదువు పిల్ల నియమము వింతగా తోచెను. శుక్రవారము ప్రొద్దుగ్రుంకక మునుపే రెండు దీపములు పెట్టును. శనివారము పొయ్యి ముట్టింపదు. ఏమి వ్రతమమ్మా యని అడిగితిమి. "వ్రతము కాదు పిన్నిగారూ, మేము యూదులము. మా నాయనమ్మ నేర్పినదండీ" అనెను.

సంక్రాంతి సెలవులలో మేష్టరుగారును మేమును ఆ పిల్ల వెంట వారి యూరు పోయితిమి. తెనాలి దాక రైలు, పిమ్మట బస్సు. చతుర్ముఖ బ్రహ్మ కోవెల గల చేబ్రోలు చేరువనే కొత్తరెడ్డిపాలెము. అచ్చట 1991లో నెలకొల్పిన యూదుల ప్రార్థనామందిరమున్నది. వీరు తమ్ము బెనె ఎఫ్రాయీములందురు. క్రీస్తుకు పూర్వము 722 ప్రాంతమున అసూరు రాజులు చెఱగొనిపోయిన ఇశ్రాయేలు గోత్రములలో ఎఫ్రాయీము గోత్రము తమదని వీరి విశ్వాసము. లోకము వీరిని మాదిగలుగానే యెఱుగును. మునుపు క్రైస్తవ మందిరములకు పోయినవారు పెక్కుమంది. వంశకథ తేల్చుట పండితుల పని. మా కుతూహలమంతయు కాలము చేసిన ఆ నాయనమ్మ మీదనే.

ఆమె అక్షరమెఱుగదు. నాట్లు, కలుపు, మిరపకోత, ఇదియే జీవనము. శనివారము పనికి రాననుటతో వారమునకొక దినపు కూలి పోయెను. మేము ఏకాదశినాడు పస్తుండిన మా గాదెలోని గింజ తరుగదు; ఆమె విశ్రాంతికి మాత్రము ప్రతివారము వెల యుండెను. కోతల రోజులలో మేస్త్రీ వచ్చి ఎంత పిలిచినను ఆమె గుమ్మము దాటలేదట.

శుక్రవారమే రెండు దినముల వంట. పులుపు గలది మఱునాటికి చెడదు గనుక గోంగూరయో, చింతపండు పులుసో. వారు గొడ్డుమాంసము తిందురు. వినుట మాబోంట్లకు కష్టమైనను, దాచి వ్రాయుట న్యాయము గాదు. గిట్ట చీలి నెమరువేయు జంతువు వారి ధర్మమున భక్ష్యమే. మాంసమును అరగంట నీట నానవేసి, గంటసేపు ఉప్పు పట్టించి, నెత్తురు పోవ కడిగి వండెడిది. పొలుసును రెక్కయు గల చేపయే తినవలెను. రొయ్య, పీత, వాలుగ కూడవు. మాంసము తిన్నపూట పెరుగు ముట్టరాదు. గుంటూరు కారము తిని మజ్జిగ లేక లేచుట యెట్లో మాకు బోధపడదు! ఆమె చారుతో సరిపెట్టెడిదట. పస్కా పండుగకు గోధుమపిండి నీట కలిపినది మొదలు 18 నిమిషములలో రొట్టె కాలవలెను. గడియారము చదువరాదు కావున మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని లెక్కింపించెడిది.

మఱునాడు శనివారము. నిన్నటి అన్నమును గోంగూరపచ్చడియు ఆకులలో వడ్డించిరి. "మీకని క్రొత్తకుండలో వేరుగా వండితిమమ్మా" యని పిల్ల తల్లి మూడుమారులు చెప్పెను. అడుగకయే ఆమె అట్లు చెప్పుకొనవలసి వచ్చినందుకు మాకు ముద్ద గొంతు దిగలేదు. పిమ్మట దిగినది. మారు వడ్డించుకొని తింటిమి.