మేము చూచిన మంచుచరియ

గుంటూరు సీమ బాలురకు మంచనిన ధనుర్మాసపు తెల్లవాఱున మిరపతోటలపై గప్పు పొగయే. కావున మంచు కొండనుండి విఱిగి పడునని చెప్పినప్పుడు మా తరగతిలో నొకడు, “అంత మెత్తనిది మీద పడిన నేమగును, మాష్టారూ?” అని యడిగెను. వానికి మేము జిన్నింగు మిల్లును జ్ఞాపకము చేసితిమి. పత్తిగుట్టను అడుగునుండి లాగుచు పోయిన, పైభాగము కొంతసేపు గోడవలె నిలిచి, పిమ్మట నొక్కమాఱుగ విఱిగి పడును. పత్తి మెత్తనిదే; క్రింద జిక్కినవానికి మాత్రము ఊపిరాడదు.

ఒక సంక్రాంతి సెలవులలో మేము ఇద్దఱు మిత్రులతో మనాలికి బోయి, సోలాంగు లోయలో నాలుగు దినములు స్కీలపై నడచుట నేర్చితిమి. పడుట నేర్చితి మనుటయే సత్యమునకు దగ్గఱ. ఐదవ దినమున గైడు, ఆ యూరి యువకుడు, స్కీల యడుగున వెనుకకు జాఱనియ్యని పట్టీలు తగిలించి మమ్ము ధుండీ వైపు లోయ వెంబడి గొనిపోయెను. అంతకుముందు రెండు దినములు ఎడతెగక మంచు గురిసెను; రాత్రియంతయు గాలి వీచెను. ఎదుటి కొండవాలు పాలనురుగువలె నుండగా, మా మిత్రుడొకడు అచ్చటికి పోదమని పట్టుపట్టెను. గైడు మంచును త్రవ్వి చూపెను: పైన గట్టిపొర, దాని క్రింద పంచదార పలుకులవంటి పొర, పిడికిట బట్టిన ముద్ద కట్టదు. “క్రిందిది పైదానిని మోయదు” అని చెప్పి అతడు కదలడయ్యెను. 30 మొదలు 45 డిగ్రీల వాలుననే ఇట్టి చరియలు హెచ్చుగ బుట్టును. మిక్కిలి నిటారైనచోట మంచు పేరుకొనకమున్నే రాలిపోవును.

అయితే ఆ వాలు క్రిందుగా అప్పటికే ఇద్దఱి స్కీజాడలు పోయియుండెను.

11 గంటల 20 నిమిషములకు కొండనెత్తిన నొక సన్నని నీలిగీత పాఱెను. గీతకు దిగువనున్న దంతయు పలకలు పలకలుగ పగిలి కదలెను. చప్పుడు లేదు. పంతులము గనుక సెకండ్లు లెక్కపెట్టితిమి. ఆఱవ లెక్కకు ఉఱుము వినవచ్చెను. అనగా రెండు కిలోమీటర్ల దూరము. అంతలో పలకలు పిండియై, మేఘమై, చెట్లను గప్పుకొని లోయ యడుగునకు దిగెను. తెర విడిన పిమ్మట చూడగా ఆ జాడలు లేవు.

చరియలో బూడిపోయినవారిని పావుగంటలోపల వెలికి దీసిన ప్రాణము దక్కు ఆశ హెచ్చు. ఆపై నది వడిగ తగ్గును. ఆ సంగతి మాకు దెలియును. సెల్‌ఫోను పలుకలేదు. వాలున మిగిలిన మంచు ఇంకను వ్రేలాడుచుండెను. గైడు మమ్ము కదలవద్దని, తానొక్కడే చరియ యంచువఱకు బోయి, కేకవేసి, చెవియొగ్గి, మరల కేకవేసెను. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు చెంత ఖుంబులో మంచు విఱిగిపడి 16 మంది నేపాళ పర్వతశ్రామికులు మరణించిరి. మఱుసటి నెల 25న మన తెలుగుబిడ్డలు పూర్ణయు ఆనందకుమారును టిబెట్టు వైపునుండి ఆ శిఖరమెక్కిరి. పూర్ణ పేరు మన పిల్లల కెల్ల నెఱుక; ఆ పదునార్గురి పేర్లు ఎవ రెఱుగుదురు? గైడు మంచులో నొంటిగా నడచుచుండగా మాకు దోచిన దిది.

అరగంట గడచినను అతనికి బదులు రాలేదు. మేము మాటలాడక సోలాంగునకు మఱలితిమి. అచ్చటి టీకొట్టులో ఇద్దఱు కుఱ్ఱవాండ్రు స్కీలు గోడకానించి నూడిల్సు తినుచుండిరి. గైడు కూర్చుండక వారియెదుట నిలిచి, ఆ వాలు క్రిందనుండి ఎప్పుడు వచ్చితిరని యడిగెను.

“11 గంటలకు, ఆవలి త్రోవను” అనిరి.