ప్రాక్సీ దాటిన వెబ్‌సాకెట్

ఇంట్లో బాగానే రన్ అయిన కోడ్ ఆఫీసుకెళ్లగానే మొరాయించింది. రెండు రోజులు సర్వర్‌నే అనుమానించాను. తప్పు అక్కడ లేదు. ఆఫీసులో బయటికెళ్లే ప్రతి కనెక్షనూ ప్రాక్సీ మీదుగానే పోవాలి. నా ప్రోగ్రాం మాత్రం నేరుగా వెళ్లబోయి ఆగిపోయింది. బ్రౌజర్ అయితే సిస్టం సెట్టింగులు చూసుకుంటుంది. నేను నోడ్‌లో వాడిన వెబ్‌సాకెట్ లైబ్రరీ డబ్ల్యూఎస్ మాత్రం ప్రాక్సీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని తనంతట తాను పట్టించుకోదు. ‘ఏజెంట్’ ఆప్షన్‌లో ప్రాక్సీ ఏజెంట్‌ని మనమే ఇవ్వాలి.

ఇచ్చాక లాగ్ చూస్తుంటే ఎంత ముచ్చటేసిందో! ముందు ప్రాక్సీకి ‘కనెక్ట్’ అభ్యర్థన: సర్వర్ పేరు, పోర్టు 443. ప్రాక్సీ 200 అంది. అక్కణ్నుంచి అది ఉత్త గొట్టమే, ఇటు బైట్లు అటు, అటు బైట్లు ఇటు. ఆ గొట్టంలోనే టీఎల్‌ఎస్, ఆపైన అప్‌గ్రేడ్ అభ్యర్థన, చివరికి సర్వర్ నుంచి 101. 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6455లోనే ఈ దారి రాసి ఉంది. అది ముందే చదవాల్సింది.

407 వస్తే ప్రాక్సీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోందని అర్థం. 200 వచ్చి 101 రాకపోతే అప్పుడు గొట్టం అవతల వెతకండి. మీకూ ఇలా ఆగిపోతే టైమౌట్ పెంచుకుంటూ పోకండి, ప్రాక్సీ ఇచ్చిన మొదటి జవాబు చదవండి.