లేపాక్షి యాత్ర

గత మాఘమాసమున మేము లేపాక్షికి పోయి వచ్చితిమి. మా అత్తగారికి నీటికాసుల వ్యాధి. పోయిన చూపు మరలి రాదనియు, ఉన్నదానిని చుక్కల మందుతో కాపాడుకొనవలయుననియు వైద్యులు చెప్పియున్నారు. “చూపున్నప్పుడే ఆ బొమ్మలు నాకొకమారు చూపింపుడు” అని ఆమె కోరగా, మావారి పాఠశాలకు సెలవు వచ్చిన నాడు బయలుదేరితిమి.

ధర్మవరమున రైలెక్కి హిందూపురమున దిగితిమి. అచ్చటికి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు. ఊరి మొదటనే బసవన్న దర్శనమిచ్చును. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తుగల ఆ నంది యంతయు ఏకశిలయే. మెడలోని హారములు, గంటలు శిల్పి ఎంత ఓపికతో చెక్కెనో!

కూర్మశైలమను గుట్టపై వీరభద్రస్వామి ఆలయమున్నది. 16వ శతాబ్దమున, అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ దీనిని కట్టించెను. రాజధనమును వ్యర్థపుచ్చెనను నింద పడగా, అతడు తన కన్నులను తానే పెరికి గోడకు విసరెనని స్థానికుల కథ. గోడమీది ఎఱ్ఱని మరకలను నేటికిని చూపుదురు. ఆ కథ విని అత్తగారు చాలసేపు మాటాడలేదు.

వ్రేలాడు స్తంభముక్రింద అందరివలెనే మేమును వస్త్రమును దూర్చి లాగితిమి. పిమ్మట మండపపు కప్పుమీది చిత్రములను చూచితిమి. అర్జునుని తపస్సు, ద్రౌపదీ స్వయంవరము, పార్వతీ కల్యాణము! ఆ స్త్రీల కొప్పులను, చీరల అంచులను చూచినచో నేతగాండ్రకును అసూయ కలుగును. కాని అత్తగారు మెడయెత్తి చూడలేరు. అందుచే నేను ఫోనుతో ఫొటో తీసి, పెద్దదిచేసి, ఆమె చేతికిచ్చితిని.

ఆమె కదలక మెదలక చూచుచుండిరి. అరనిమిషమైనంతనే తెర నల్లబడెను. “అమ్మాయీ! చీకటి క్రమ్మినదే! నా చూపు పోయినదే!” అని నా చేయి గట్టిగా పట్టుకొనిరి. ప్రక్కచూపు ఆమెకు మునుపే పోయినది; మండపమున వెలుగు తక్కువ; ఆ తెర యొక్కటే ఆమెకు కనబడుచుండెను. నా గుండె ఝల్లుమన్నది. తెరను తాకగా మరల వెలిగెను. ఆమె కన్నీరు తుడుచుకొనిరి.

ప్రక్కనున్న కళాశాల బాలిక యిది చూచి ఉపాయము చెప్పెను. ఎవరును తాకనిచో ఫోను తెర తనంతట తానే ఆరును. బ్యాటరీ ఆదాయగుటకు, అన్యులు చూడకుండుటకు ఈ యేర్పాటు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అను భాగమున స్క్రీన్ టైమౌట్ అని యుండును. నా ఫోనులో అది 30 సెకండ్లు. ఆమె 10 నిమిషములు చేసెను. ఐఫోనులో డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్ అనుచోట ఆటో లాక్ అని యుండును. అందు నెవర్ అని యెన్నినచో తెర ఆరదు. బ్యాటరీని పొదుపుచేయు ఏర్పాటు పెట్టియున్నచో కొన్ని ఫోనులలో ఈ గడువు మరల తగ్గిపోవును, దానిని తీసివేయవలయును.

అటుపిమ్మట అత్తగారు స్తంభమునకు ఆనుకొని కూర్చుండి, పార్వతీ కల్యాణమును తనివిదీర చూచిరి. పెండ్లికూతురి చీర అంచును నాకే చూపి చెప్పిరి!

తిరుగు రైలులో గడువును మరల 30 సెకండ్లకు మార్చితిని. లేనిచో బ్యాటరీ త్వరగా తరుగును. ఇంట వృద్ధులున్న సోదరీమణులు ఫోనును వారి చేతికిచ్చుటకు ముందే ఈ చిన్న పని చేయుదురుగాక. మనకది తెర యారుట మాత్రమే, వారికట్లు కాదు.