గేటు దగ్గర ఆగిపోయిన రెండు కుక్కలు

పిల్లలూ, హెడ్మాస్టరుగా ఉన్నంతకాలం నేను ఇతరుల తప్పులు దిద్దుతూ వచ్చాను. ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు.

ఒక జనవరి ఆదివారంనాడు మా వీధి పిల్లలను పదకొండుమందిని, వారి తల్లిదండ్రులలో కొందరిని వెంటబెట్టుకుని విశాఖపట్నం పక్కనున్న కంబాలకొండకు బయలుదేరాను. అది వన్యప్రాణుల అభయారణ్యం. విస్తీర్ణం దాదాపు 70 చదరపు కిలోమీటర్లు. నగరం దాని అంచుదాకా వచ్చి ఆగింది. లోపల దుప్పులూ, అలుగులూ, ముంగిసలూ, చిరుతపులులూ ఉన్నాయి.

ఏమేమి తెచ్చుకోవాలో వారం ముందే కాగితంమీద రాసి అందరికీ పంచాను: నీళ్ళసీసా, టోపీ, నోటుబుక్కు, పులిహోర పొట్లం. అది చదివి పద్మ, "మాస్టారూ, మా బుజ్జిని తీసుకురావచ్చా?" అని అడిగింది. బుజ్జి పొమరేనియన్ కుక్క. బొచ్చు తీసేస్తే గుప్పెడంత ఉంటుంది. "చిన్నదేగా, తాడు కట్టి తీసుకురా," అన్నాను. ఇది విని వేణు కూడా తన లడ్డూను తెచ్చాడు. అది డాక్స్‌హుండ్. బొరియలలో దాగే జంతువులను పట్టడానికని జర్మనీవాళ్ళు ఆ జాతిని అలా పొడుగాటి ఒళ్ళుతో, పొట్టి కాళ్ళతో పెంచుకొచ్చారు.

గేటు దగ్గర కాపలామనిషి మమ్మల్ని ఆపాడు.

"కుక్కలను లోపలికి పంపం మాస్టారూ."

"ఇది పిల్లి అంత కూడా లేదు. ఇదెవరిని ఏం చేస్తుంది?" అన్నాడు వేణు.

"ఇది ఎవరినీ ఏమీ చెయ్యకపోవచ్చు బాబూ. చిరుతకు కుక్కంటే మహా ఇష్టం. చిన్నదైతే నోట కరుచుకుపోవడం మరీ సులువు," అన్నాడతను. తరవాత నాకేసి తిరిగి, "వీటికి టీకాలు వేయించారా?" అని అడిగాడు.

నేను పద్మకేసి చూశాను. పద్మ వాళ్ళ నాన్నకేసి చూసింది. ఆయన నేలకేసి చూశాడు. కిందటి ఏడు వేయించవలసిన టీకా వేయించలేదట!

అనుమతి ఇచ్చినవాణ్ణి నేను. కనక కుక్కలతో బయట ఉండిపోవలసిందీ నేనే. మిగిలినవారిని కాపలామనిషి చూపిన దారిన పంపేసి, చెట్టునీడన కూచున్నాను. పద్మ మాత్రం కదలలేదు. బుజ్జిని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళనీళ్ళు ఆపుకుంటూ, "టీకా వెయ్యకపోతే అడవికేమిటండీ?" అని అడిగింది.

ఆ ప్రశ్న నేను వారంరోజుల ముందే వేసుకోవలసింది. డిస్టెంపర్ అని కుక్కలకు వచ్చే జబ్బు ఒకటున్నది. దాన్ని కలిగించే వైరస్ మన తట్టు వైరస్‌కు దగ్గరి చుట్టం. అది కుక్కలతో ఆగదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానంలో ఆ జబ్బు సోకి, అక్కడి సింహాలలో ఇంచుమించు మూడోవంతు చచ్చిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ళ కుక్కలలో ఉన్న వ్యాధే అడవికి పాకిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. 2018లో మన దేశంలోనే, గుజరాతులోని గిర్ అడవిలో, కొద్ది వారాలలో 20కి పైగా సింహాలు పోయాయి. వాటిలో కొన్నింటికి ఈ వ్యాధే ఉన్నట్టు పరీక్షలలో బయటపడింది. సింహానికి సూది వెయ్యడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. బుజ్జికి వెయ్యడం రెండు నిమిషాల పని.

"తాడు కట్టి పట్టుకుంటే పక్షులకేం భయముండదుగా?" అన్నది పద్మ. నిన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను. కాని ఆస్ట్రేలియాలో సిడ్నీ సమీపాన కొందరు దీన్ని పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. తాడు కట్టిన కుక్కను నడిపించుకుపోయిన దారులలో పక్షుల సంఖ్య 41 శాతం, వాటి రకాలు 35 శాతం తగ్గిపోయాయి. పక్షికి తాడు కనిపించదు, కుక్కే కనిపిస్తుంది.

పదిగంటలయ్యేసరికి ఎండ ముదిరింది. బుజ్జి నాలుక బయటపెట్టి రొప్పసాగింది. నిమిషానికి ఎన్నిసార్లు రొప్పుతున్నదో గడియారం చూసి లెక్కపెట్టమన్నాను. పద్మ రెండుసార్లు లెక్క తప్పి ఊరుకున్నది. అది నిమిషానికి 200 కూడా దాటవచ్చు. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొద్దిగా పడుతుంది, అంతే. నాలుకమీది తడి ఆవిరైతేనే ఒంటివేడి తగ్గుతుంది. పైగా లడ్డూ పొట్ట నేలకు జానెడు ఎత్తునైనా లేదు! నేల వేడంతా దానికే తగులుతుంది. తారురోడ్డుమీద చెయ్యి బోర్లించి ఆనించి చూశాను. ఏడు అంకెలు లెక్కపెట్టేలోపల తీసెయ్యవలసివచ్చింది. మనం చెప్పులతో నడిచే రోడ్డుమీదనే అవి ఉత్తకాళ్ళతో నడుస్తున్నాయి. సీసా మూతలో నీళ్ళుపోసి రెండింటికీ తాగించాము. పులిహోర కావాలని లడ్డూ చాలా బతిమాలింది గాని, ఇవ్వలేదు.

పన్నెండింటికి మిగిలినవాళ్ళు తిరిగివచ్చారు. తోకపిట్టను చూశామని, పుట్టను చూశామని అందరూ ఒక్కసారే చెప్పసాగారు. వేణు మాత్రం నేరుగా వచ్చి లడ్డూను ఎత్తుకున్నాడు. అడవిలో ఉన్నంతసేపూ వాడు వెనక్కే చూస్తూ నడిచాడని వాళ్ళమ్మ చెప్పింది. పద్మకు చూపించడానికని నోటుబుక్కులో పిట్టబొమ్మ వేసి తెచ్చాడు. తోక ఎంత పొడుగు వేశాడంటే అది పక్కపేజీలోకి పోయింది.

మర్నాడు పద్మ వాళ్ళ నాన్న బుజ్జిని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. దారిలో మా ఇంటిముందు ఆగి, "మీరూ రండి మాస్టారూ," అన్నాడు. వెళ్ళాను. సూది పడినప్పుడు బుజ్జి ఒక్కసారి కుయ్యిమన్నది. పద్మ కళ్ళు మూసుకున్నది.

మళ్ళీ ఫిబ్రవరిలో వెళ్ళాము. ఈసారి కాగితంమీద మొట్టమొదటి వాక్యం కుక్కలను గురించే రాశాను. ఒక కాగితం నాకే తిరిగివచ్చింది. ఆ వాక్యం పక్కన ఎవరో పెన్సిలుతో పొట్టికాళ్ళ పొడుగుకుక్కను గీసి, దాని నోటిదగ్గర, "మాస్టారూ, నేను ఇల్లు కాపలా కాస్తాను," అని రాశారు.